మూడు దేశాల అడివి

నేను ఎవరినీ తొందరగా నమ్మను. ఇది గొప్పగా చెప్పుకునే గుణం కాదని తెలుసు, దాచుకుంటే దాగేదీ కాదు. ప్రొద్దుటూరులో పుట్టి పెరిగినదాన్ని. మా ఊళ్లో బంగారాన్నే గీటురాయి మీద గీయకుండా ఎవరూ చేతికి తీసుకోరు, ఇక మనుషుల సంగతి చెప్పేదేముంది. పాలవాడు మామూలు కంటే ఒక మాట మర్యాదగా మాట్లాడితే ఆ రోజు పాలు పలచన అని నాకు అర్థమైపోతుంది. పిల్లవాడు 'కడుపు నొప్పి మేడం' అంటే ఏ పక్కన అని అడుగుతాను, కాసేపాగి మళ్లీ అడుగుతాను. పక్క మారిందో, వాడి పని అయిపోయినట్టే. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం అంటాడు మా ఆయన నన్ను. నా ముందు ఆవలించడం ఆయన ఎప్పుడో మానేశాడు.

నాకొక చెల్లెలు ఉంది. నాకంటే చాలా చిన్నది. అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోయేసరికి అది ఇంకా బడి దాటలేదు, నా దగ్గరే పెరిగింది. ఇప్పుడు నలభైకి దగ్గర పడుతోంది. జమ్మలమడుగులో ఒక ఆఫీసులో గుమాస్తా. వారమంతా అక్కడే బస్టాండు దగ్గర ఒక గదిలో ఉంటుంది, శనివారం సాయంత్రం బస్సెక్కి ప్రొద్దుటూరు వస్తుంది. దానికి పెళ్లి కాలేదు. కాలేదంటే సంబంధాలు రాక కాదు, వచ్చినవాటిని నేను నిలవనివ్వక.

ఖాజీపేట వైపు నుంచి వచ్చిన ఒకాయన, ఇంటి ముందర పసుపు ఉడకబెడుతున్నాం, అందుకే మిమ్మల్ని పిలవలేకపోయాం అన్నాడు. అప్పుడు దసరా ముందు రోజులు, పసుపు తవ్వేదే సంక్రాంతి దాటాక. ఆ నెలలో పసుపు ఉడకబెట్టేది ఎవరు? ఆ ఇంట్లో మనకు చూపించకూడనిది ఏదో ఉందని తేల్చేశాను. ఇంకొకాయన తల్లి మాట్లాడినంతసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది. అది కూడా వద్దన్నాను. ఒకసారి మాత్రం నా అనుమానం నూటికి నూరుపాళ్లూ నిజమైంది, ఆ మనిషికి బెంగళూరులో అప్పటికే పెళ్లాం ఉంది. అది నిజం కావడమే మా ఇంటికి శాపమైందేమో. ఆ తర్వాత నేను వద్దంటే ఎందుకని అడిగేవాళ్లే లేకపోయారు. చెల్లెలు కూడా ప్రతిసారీ 'నీ ఇష్టం అక్కా' అని ఊరుకునేది.

ఇక నా పాఠం సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఏడాది పొడుగునా చెప్పేవాటిలో నాకు ప్రాణం లాంటి పాఠం ఒక్కటే, భూమధ్యరేఖ పక్కన ఉండే వానల అడవులు. మబ్బు పట్టి, గాలి లేచి, దుమ్ము మీద నాలుగు చినుకులు రాలి, అంతలోనే తెరిపి ఇచ్చేసే ఊళ్లు మావి. అలాంటి చోట బతికేవాళ్లకు ఏడాదంతా వాన కురిసే చోటు ఒకటుందని చెప్పడంలో ఒక సుఖం ఉంది. నేను ఆ అడవులు చూడలేదు, చూసినవాళ్లను కూడా చూడలేదు. పుస్తకంలో ఉన్నది రెండు పేజీలే. నేను వారం చెబుతాను.

పుస్తకం మూడు ఖండాల అడవులనూ ఒకే గాటన కట్టేస్తుంది. నాకది ఒళ్లు మంట. అవి అక్కచెల్లెళ్లే గాని ఒకే పిల్ల కాదు. అమెజాన్ అన్నిటికంటే పెద్దది, నీళ్ల అడవి. ఏరు పొంగితే నెలల తరబడి చెట్లు నీళ్లలోనే నిలబడతాయి, చేపలు కొమ్మల మధ్య ఈదుతూ రాలిన పండ్లు తింటాయి. కాంగో దానికంటే పొడిది. వాన తక్కువ, చెట్ల రకాలూ తక్కువ, కానీ ఏనుగులూ గొరిల్లాలూ తిరిగే పెద్ద జంతువుల అడవి. బోర్నియో, ఫిలిప్పీన్స్ వైపువి ఎత్తుకు పేరుపడ్డ చెట్లు. ఏళ్ల తరబడి పూత పెట్టవు, ఏదో ఒక ఏడు అన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే పూస్తాయి. అయితే మూడు చోట్లా నేల పేదదే. బలమంతా చెట్లలోనే ఉంటుంది, చెట్లు కొట్టేస్తే మిగిలే మన్ను మన గట్ల మీది ఎర్రమన్ను కంటే మెరుగేమీ కాదు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు కొంచెం సంతోషంగా కూడా ఉంటుంది.

పిల్లలకు తెలియడానికి ఆ అడవిని ఇల్లు చేసి చెబుతాను. అడుగున ఎండ పడని చీకటి, అది పశువుల కొట్టం. దాని పైన పొట్టి చెట్లు, అది వసారా. ఆ పైన ఆకులన్నీ కలిసిపోయి కప్పేసిన చోటు, అది మిద్దె. మిద్దెను దాటి అక్కడొకటి ఇక్కడొకటి తల ఎత్తే మహావృక్షం, వడియాలకు కాపలా కూర్చున్న అవ్వ. ఒక ఏడు ఎండాకాలం చివరి పీరియడ్‌లో తరగతి తరగతంతా తూలుతుంటే, లేపడానికి ఇంకో మాట కూడా కల్పించాను. కాంగో అడవిలో ప్రతి ఏనుగుకూ ఒక సొంత చెట్టు ఉంటుందనీ, వాన మొదలైతే ఎంత దూరంలో ఉన్నా వచ్చి ఆ చెట్టు కిందే నిలబడుతుందనీ, రేషన్ షాపులో ఎవరి కార్డు వాళ్లదే అన్నట్టు. తరగతి లేచి కూర్చుంది. అప్పటి నుంచి ఏటా చెబుతున్నాను. అది ఎక్కడ రాసుంది మేడం అని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే వాళ్లను మెచ్చుకునేదాన్ని.

ఈ సంబంధం తెచ్చింది చిలమకూరులో ఉండే మామ, మా అమ్మకు దూరపు తమ్ముడు. సిమెంటు ఫ్యాక్టరీ పక్కనే ఇల్లు కావడంతో ఎవరింటికి పోయినా ముందు గడప దగ్గర చొక్కా దులుపుకొని గాని లోపలికి రాడు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారనే సామెతను మనసులో గట్టిగా పెట్టుకున్న మనిషి కాబట్టి, ఆయన చెప్పేదాంట్లో సగం నేను ముందే తీసేస్తాను. ఆ రోజు దులుపుకోవడం కూడా మరిచిపోయి వచ్చి కూర్చున్నాడు.

"పులివెందుల పక్క పల్లె పాపా. సేద్యం చేసుకునే కుటుంబం. అబ్బోడు మూడు దేశాల అడివిలో పన్జేసొచ్చినోడు. ముందు ఫిలిప్పీన్సంట, మళ్లీ ఆఫ్రికాలో కామెరూనంట, ఆఖరికి ఈక్వడారంట."

నా గుండె ఒక్కసారి ఎగిరింది. ఫిలిప్పీన్స్ అంటే బోర్నియో పక్కది. కామెరూన్ అంటే కాంగో అడవి అంచు. ఈక్వడార్ తూర్పు భాగమంతా అమెజానే. నా పాఠంలోని మూడు అడవులూ తిరిగి వచ్చిన మనిషి మా ఇంటికి పెళ్లిచూపులకు వస్తున్నాడు. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఒక అడవి అంటే నమ్మేదాన్నేమో. పులివెందుల మనిషికి మూడు ఖండాల్లో మూడు అడవులు ఎవరు చూపించారు, ఎందుకు చూపించారు? పాఠంలో ఉన్న మూడే ఎందుకయ్యాయి?

ఆదివారం మధ్యాహ్నం వాళ్లు ప్రొద్దుటూరు వచ్చారు, పెళ్లికొడుకూ, ఆయన అన్నావదినలూ, వెంట మామా. పెళ్లికొడుకు నలభై దాటిన మనిషి, పొడగరి, తక్కువ మాట్లాడే రకం. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. నేను ముందుగా చూసింది మెడ. వెనక భాగమంతా ఎండకు కమిలి నల్లబడి ఉంది. రెండోది చేతి గడియారం. దాని పట్టీ మీద ఎంత కడిగినా పోని గోధుమరంగు మరకలు. ఈ రెండూ మనసులో పెట్టుకుని మాట్లాడడం మొదలుపెట్టాను.

ఏం పని చేసేవారని నేను అడగలేదు. అలా అడిగితే ఎవరైనా ముందే సిద్ధం చేసుకున్న జవాబు చెబుతారు. నేనెప్పుడూ పక్క దారిలో వస్తాను. ఆయనంతట ఆయనే సూపర్‌వైజర్‌నని చెప్పాడు, మనుషులను పెట్టి పని చేయించేదట. నేను తలూపి, అడవి లోపల ఎలా ఉంటుందండీ అన్నాను. ఆయన కొంచెం తికమకపడి, ఎట్లుంటాది మేడం, అడివి అంటే అడివే కదా, తెల్లారి పోతాం, పొద్దుగూకితే వస్తాం అన్నాడు. బాగా చీకటిగా ఉంటుందంటారే అన్నాను. చీకటి యాడిది, ఎండకు నెత్తి మాడిపోతాది అన్నాడు.

నాకు కావలసింది దొరికిపోయింది. అయినా వదల్లేదు. చెట్లు ఎంత ఎత్తుంటాయంటే మా పక్కింటి మిద్దె వైపు చూపించి, అంత ఉంటాయన్నాడు. ఆ మిద్దె నాలుగు నిచ్చెన మెట్లు ఎక్కితే అందుతుంది. జంతువులేమైనా కనిపించేవా అంటే ఎలుకలు, పాములు, పెద్ద సాలెపురుగులు అన్నాడు. ఏనుగులు? చూడలేదన్నాడు. నేను టీ కప్పులు తీసుకుని లోపలికి పోయాను. అవి కడగాల్సిన అవసరం అప్పటికి లేదు, నా ముఖం వాళ్లకు కనపడకూడదని కడిగాను.

నేను లోపలున్నంతసేపూ వసారాలో చెల్లెలు ఆయనతో మాట్లాడింది. ఆ దేశాల్లో అన్నం దొరుకుతుందా అని అడగడం వినిపించింది. ఆయన ఏదో చెప్పాడు, ఇద్దరూ నవ్వారు. సంబంధానికి వచ్చినవాళ్లతో అది నవ్వడం అంతకుముందు నేను వినలేదు.

వాళ్లు పోయాక నా తీర్పు చెప్పాను. ఆ మనిషి ఏ వానల అడవిలోనూ అడుగు పెట్టలేదు. మా జిల్లాలో అడవి, సూపర్‌వైజర్, ఏళ్ల తరబడి ఊళ్లో లేకపోవడం, ఈ మూడు మాటలు ఒకచోట చేరితే ఎవరికైనా తట్టేది ఒక్కటే, ఎర్రచందనం. పట్టుబడి లోపలున్నవాళ్లను కూడా ఇళ్లలో ఫారిన్ పోయాడనే చెబుతారు. ఎండలో కొండలెక్కించి కొట్టించేవాళ్లకు మెడ అలాగే కమిలుతుంది. గడియారం పట్టీ మీది మరకలు ఏ చెట్టు పాలో నాకు తెలుసన్నాను. నిజానికి నాకు తెలియదు. మా ఆయన అంతా విని, నువ్వు పెట్టే పరీక్షకు గైడు కూడా దొరకదు అని పేపరు తిరగేసుకున్నాడు. చెల్లెలు మాత్రం ఎప్పుడూ అనే మాట అనలేదు. ఇంకొకసారి మాట్లాడి చూడు అక్కా, తొందరేముంది అంది. ఆ మాట చెవికి తేడాగా తగిలింది. కానీ నా అనుమానమంతా ఆ మనిషి వైపే తిరిగి ఉండడంతో పక్కకు చూడలేదు.

రెండు వారాలు ఆగి, బడికి సెలవు వచ్చిన రోజు మామను వెంటబెట్టుకుని పులివెందుల పోయాను. ఇల్లు చూసి వస్తానని నెపం. పల్లెలో చీనీ తోటను, అంటే బత్తాయి తోటను ఆనుకుని ఇల్లు, శుభ్రంగానే ఉంది. ఇంత శుభ్రంగా ఎందుకుందా అనుకున్నాను. ఆయన ఎదురొచ్చి 'రాండి వదినా' అన్నాడు. మొన్నటి మేడం ఈ రెండు వారాల్లో వదిన ఎలా అయిందో నాకు అర్థం కాలేదు. ఎవరిచ్చారు ఈ చనువు?

మజ్జిగ ఇచ్చారు. నేను మళ్లీ అడవిలోకి దిగాను. మొన్న ఎండ అన్నారే, లోపల ఎండ ఎలా పడుతుందని అడిగాను. ఆయన ఒక్క క్షణం పైకప్పు వైపు చూసి, అది అంచున వదినా, లోపల చీకటే, వాన నిలిచినంక కూడా ఆకుల మీద నుంచి శానాసేపు కారతానే ఉంటాది అన్నాడు. నిజమే. ఈక్వడార్ వైపు ఏరు పొంగితే చేపలు చెట్లలోకి వస్తాయన్నాడు. నిజమే. ఆఫ్రికాలో వాన కొంచెం తక్కువన్నాడు, ఫిలిప్పీన్స్ వైపు చెట్లు ఏళ్లకొకసారి పూస్తాయన్నాడు. అన్నీ నిజమే. అడిగిన ప్రతిదానికీ ముందు పైకప్పు చూడడం, తర్వాత ఒక్క గుక్కలో చెప్పడం. నా ఎదురుగా బెంచీల మీద కూర్చునే పిల్లలు ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు చేసేది సరిగ్గా ఇదే.

అయినా ఒక పక్కన మనసు మెత్తబడింది, ఒప్పుకోవాలి. మొన్న కొత్తచోట బెదిరి తప్పు చెప్పాడేమో, అనుకున్నాను. ఆకులన్నీ మిద్దె మాదిరి కప్పేసి ఉంటాయి వదినా అన్నాడు. మిద్దె అన్న మాట దగ్గర నేను కొంచెం ఆగాను. మా వైపు అందరూ వాడే మాటే కదా అని సర్దుకున్నాను. ఏనుగులు చూడలేదన్నారు కదా, అన్నాను చివరగా.

"చూసినా వదినా, మొన్న గ్యాపకం రాలా. ఆడ ఏనుగులకు దేని చెట్టు దానికుంటాది. వానొచ్చిందంటే ఆ చెట్టు కిందికే పోయి నిలబడతాయి."

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. ఆ ఏనుగులు కాంగోవి కావు, కామెరూన్‌వి కావు. అవి నావి. ప్రొద్దుటూరులో ఒక ఎండాకాలం మధ్యాహ్నం నా నోట్లో పుట్టాయి. ప్రపంచంలో ఏ అడవి తిరిగినవాడికీ అవి కనిపించవు.

బస్సుకు వేళవుతోందని లేచాను. బస్సులో మామ రెండు మూడుసార్లు ఏం పాపా, ఎట్లుంది అని కదిలించి చూశాడు. తర్వాత చెబుతానన్నాను. ముద్దనూరులో ఆయన దిగి చిలమకూరు దారి పట్టాడు. నేను ప్రొద్దుటూరు పోలేదు, జమ్మలమడుగు టికెట్టు తీసుకున్నాను.

ఆ దారి పొడుగునా లెక్క వేసుకుంటూనే ఉన్నాను. ఆ ఏనుగుల సంగతి తెలిసినవాళ్లు నా విద్యార్థులు. కానీ వాళ్లలో ఎవరు పోయి పులివెందుల మనిషికి పాఠం చెబుతారు? ఇంకెవరు విన్నారు? పాఠం ముందురోజు గట్టిగా చెప్పుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు, వంట చేస్తూ చెబుతాను. ఆ వంటింట్లో నేల మీద కూర్చుని బియ్యం ఏరుతూ ఏళ్ల తరబడి ఆ పాఠం విన్న మనిషి ఒక్కతే. మోసగాళ్లను నేను చాలామందిని ఊహించుకున్నాను. చెల్లెలిని ఎప్పుడూ ఊహించుకోలేదు. ఆ మనిషి దీనికి ఏం నూరిపోశాడు, ఏం చెప్పి దీనిచేత నన్ను మోసం చేయిస్తున్నాడు? కోపం కంటే భయమే ఎక్కువగా వేసింది.

అది భోజనానికి ఆఫీసు నుంచి గదికి వచ్చే వేళకు మెట్ల మీద కూర్చుని ఉన్నాను. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. తాళం తీసి, క్యారియర్ విప్పి, మూత మీద సగం అన్నం నాకు పెట్టింది. నేను చెయ్యి పెట్టలేదు. ఆయనకు పాఠం నువ్వే చెప్పినావా అని అడిగాను. చెప్పినానంది. అంత మామూలుగా అనేసరికి నా కోపానికి పట్టు దొరకలేదు. అడవి ముఖం చూడని మనిషిచేత నాకు అబద్ధాలు చెప్పిస్తావా అన్నాను.

"ఆయప్ప ఫారెస్టులో పన్జేసినా అని ఎప్పుడన్నా అన్న్యాడా అక్కా? అడివి అన్న్యాడు. మామ కూడా అడివే అన్న్యాడు. మన పక్క అడివికి పోయినాడు అంటే యాడికి పోయినట్టు?"

మా వైపు అడివి అంటే చేను. ఊరు దాటితే ఉండేదంతా అడివే. మా తాత అడివికి పోయేవాడు, ఆయనకు అమ్మ అడివికి సద్ది తీసుకుపోయేది. అక్కడ ఉండేది శనగ చేనూ, రెండు వేప చెట్లూ. ఈ మాట నాకు తెలియక కాదు, ఇది నేను ఉగ్గుపాలతో తాగిన మాట. పులివెందుల అడివి అని ఉంటే చీనీ తోట గుర్తొచ్చేది. ఫిలిప్పీన్స్ అడివి అనేసరికి ఏనుగులు గుర్తొచ్చాయి. సముద్రం దాటగానే చేను అడవి అయిపోయింది.

ఆయన పనిచేసింది అరటితోటల్లోనట. మూడు దేశాల్లోనూ అరటే. గెలలకు సంచులు తొడిగించడం, కోయించడం, కడిగించి పెట్టెలకెత్తించడం. ఒకప్పుడు అవన్నీ అడవులేనని, కొట్టేసి అరటి పెట్టారని అక్కడి ముసలివాళ్లు చెబుతుంటే విన్నాడట. ఆయన కంటికి మాత్రం మూడూ పులివెందుల మాదిరే ఉన్నాయట. ఎండకు మెడ కమలడం, మిద్దె ఎత్తు చెట్లు, ఎలుకలు, పాములు, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాడు. గడియారం పట్టీ మీది మరక అరటి బంక. మొదటి రోజు ఆ మనిషి నాతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆ సాయంత్రం చెల్లెలికి ఫోన్ చేసి, మీ అక్క నన్ను చీకట్లూ ఏనుగులూ ఎందుకడిగింది అని అడిగాడట. సంగతి తెలుసుకుని ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారట.

మరి ఆ మాటే నాకు చెప్పొచ్చు కదా, ఈ నాటకమెందుకు అన్నాను. అది అన్నం కలుపుతూ తల ఎత్తకుండానే చెప్పింది. చెబితే నువ్వేమనేదానివో నాకు తెలుసు, నిన్న అడవన్నాడు, ఈరోజు అరటితోట అంటున్నాడు, మాట మార్చినాడు అనేదానివి. అచ్చంగా అవే మాటలు అని ఉండేదాన్ని.

"నీకు ఒకసారి తప్పు దొరికినాక నిజం చెప్పినా పనికిరాదక్కా. అందుకే నీకు కావాల్సిన అడివి నీకిచ్చినా."

ఏనుగులు ఎందుకు కలిపావు, అక్కడే దొరికిపోయారు, అవి నేను పుట్టించినవి అన్నాను. అంతవరకూ తడబడని మనిషి అప్పుడు చెయ్యి ఆపింది. నా ముఖంలోకి చూసింది. అబద్ధమా అవి, అని అడిగింది. అవునన్నాను. అది వేళ్లకంటిన మెతుకులు గిన్నెలోకి రాల్చింది. తర్వాత, ఇన్నేళ్లూ నిజమే అనుకున్నా, నువ్వు చెప్పినావు కదా అంది.

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది. నాతో ఒకే ఇంట్లో పెరిగి, నేను ప్రతి మనిషినీ గీటురాయి మీద గీయడం చూస్తూ కూడా, నా మాటను అది ఒక్కసారీ గీసి చూడలేదు. నేను వద్దన్న ప్రతి సంబంధమూ చెడ్డదేనని నమ్మింది. పసుపు కథ నమ్మింది, కొంగు కథ నమ్మింది. ఆ ఇళ్లలో నిజంగా ఏముండిందో నాకిప్పటికీ తెలియదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. మోసం చేసేవాళ్లే నన్ను చూసి భయపడతారని అనుకుంటూ వచ్చాను. దాచుకోవడానికి ఏమీ లేని మనిషి కూడా నాకు భయపడి దాచుకోవడం నేర్చుకుంది.

మూడు ఖండాలు తిప్పి ఆయనను అడిగినదాన్ని, ఎదురుగా కూర్చున్న దీన్ని ఒక్క మాట అడగలేదు. ఆ మాట అడగడం నాకు అలవాటు లేదు. నీకు ఇష్టమేనా అన్నాను చివరికి, నీళ్ల గ్లాసు చేతిలో పట్టుకుని.

ఇష్టం లేకపోతే నీ పాఠమంతా ఆ మనిషి చేత కంఠతా పట్టించేదాన్నా అంది ముందు, నవ్వుతూ. తర్వాత ఆ నవ్వు కూడా పోయింది.

"ఇష్టమే అక్కా. నువ్వు యాడ వద్దంటావో అని ఈ రెండు వారాలూ నాకు అన్నం సయించలా."

దాని చేతి కింద గిన్నెలో అన్నం అలాగే ఉంది. కొంచెం చిక్కింది కూడా, అప్పటిదాకా నేను గమనించలేదు. నేను ఫోన్ తీసి మామకు చేశాను. ఆయన ఇంటికి చేరి ఇంకా చెప్పులు కూడా విప్పినట్టు లేదు, ఎత్తగానే గొంతు తగ్గించి, ఏం పాపా, ఏమన్నా తేడా కనపడిందా అన్నాడు. లేదు మామా, అడిగినాను, ఇష్టమేనంట, ముహూర్తం చూపించు అన్నాను. ఇన్నేళ్లలో నా నుంచి ఆయనకు అలాంటి మాట రాలేదు.

"ఎవర్ని అడిగినావు పాపా?"

"చెల్లెల్ని," అన్నాను.